గుమాస్తా ఎడమ పక్క

తొంభై తొమ్మిదిలో వానలు మొదలయ్యేనాటికి నా చేతిలో ఉన్నది పెద్దగా చెప్పుకోదగిందేమీ కాదు. బెంగళూరు చిక్కపేట సందులో నాన్న వదిలిపోయిన తెల్లగుడ్డల టోకు దుకాణం, దాని వెనకాలే రెండు గదుల ఇల్లు, పక్కకు వంచితే తప్ప స్టార్ట్ కాని బజాజ్ స్కూటరు, తల్లి లేని నన్ను పెంచిన మేనత్త, ఒక ముసలి కుక్క. నాకు ఇరవై ఎనిమిది. పెళ్లెప్పుడని అడిగినవాళ్లకు సరుకు ఇంకా రాలేదని చెప్పి పంపేసేవాణ్ణి.

కుక్క పేరు గుమాస్తా. పొద్దున తలుపు తీయగానే వచ్చి గల్లాపెట్టె పక్కన కూర్చుని, వచ్చేపోయేవాళ్లను కళ్లతోనే లెక్కపెట్టేవాడు కాబట్టి నాన్న ఆ పేరు పెట్టాడు. నాన్న పోయి నాలుగేళ్లయినా వాడు తన కొలువు మానలేదు. ఆయన కూర్చున్న గద్దె మాత్రం ఖాళీగానే ఉంది. నేను ఈ పక్క స్టూలు వేసుకుని వ్యాపారం చేసుకుంటున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆమె వచ్చింది ఒక మధ్యాహ్నం. సందులో తోపుడుబండ్లు ఇరుక్కుపోయి హమాలీలు ఒకరినొకరు మూడు భాషల్లో తిట్టుకుంటున్నారు. ఆమె గడప బయటే నిలబడి గొడుగు మూసి నీళ్లు దులిపింది. ఆ మర్యాద నాకు నచ్చింది. దులిపిన నీళ్లు అప్పుడే మడిచిపెట్టిన పల్చటి మల్లు గుడ్డ తాను మీద పడ్డాయి. అది నచ్చలేదు.

"చిల్లర అమ్మేది లేదమ్మా," అన్నాను.

"నేను అడిగినానా?"

"అడగబోతారు. గొడుగు పట్టుకుని వచ్చేవాళ్లంతా చిల్లరే. టోకు కొనేవాళ్లు తడిసి వస్తారు."

"నాకు ముతక గాడా గుడ్డ కావాల. తానులు తానులుగా. ఆపరేషన్ బల్ల మీద పరిచేదానికి. మళ్లా బయటికి పోయి తడిసి రమ్మంటారా?"

ఇంతలో గుమాస్తా లేచి ఆమె దగ్గరకు వెళ్లాడు. కొత్తవాళ్ల దగ్గరకు వెళ్లే అలవాటు వాడికి లేదు. ఆమె కూర్చుని వాడి తల నిమిరింది, మెడ నిమిరింది, పక్కలు నిమిరింది. ఎడమ పక్కన చెయ్యి ఆగిపోయింది.

"ఈ గడ్డ ఎన్నాళ్లుగా ఉండాది?"

మా వీధిలో ఒక పద్ధతి ఉంది. కొనేవాడు ముందు ఏదో ఒక లోపం పట్టుకుంటాడు. అంచు వంకరంటాడు, పోగు లేచిందంటాడు. ఆ తర్వాత ధర మాట్లాడతాడు. నాకు అదే తట్టింది.

"కుక్క అమ్మకానికి లేదమ్మా. దాంట్లో లోపం చూపిస్తే గాడా ధర తగ్గదు."

ఆమె కుక్క మీద నుంచి చెయ్యి తీయలేదు. "నేను పశువుల డాక్టర్నండీ. ధర మీరు చెప్పిందే ఇస్తా. ముందు చెయ్యి పెట్టి చూడండి."

నా చేతికి గుడ్డ తెలుసు. కళ్లు మూసుకుని బొటనవేలు ఆనిస్తే ఏ మిల్లుదో చెప్పగలను. వాడి ఎడమ పక్కన, పక్కటెముకల కింద వేలు ఆనించాను. నిమ్మకాయంత ఉంది. నునుపుగా, వెచ్చగా ఉంది. వేలు తగలగానే చర్మం కింద పక్కకు జరిగింది. వేలు తీసి మళ్లీ పెట్టాను. మళ్లీ అక్కడే ఉంది.

ఈ గడ్డను నా చెయ్యి ఇంతకుముందే తాకింది, కుక్క ఒంటి మీద కాదు. నాలుగేళ్ల కిందట ఇదే దుకాణంలో, తానుల చాటుకు పిలిచి, నాన్న బనీను పైకెత్తి చూపించాడు. "చూడురా, ఇదేందో." ఎడమ పక్క, పక్కటెముకల కింద. అప్పటికే పండగ సీజను పోతుందని ఆయన దాన్ని దాచి దాచి చాలా పెద్దది చేసుకున్నాడు. తర్వాతి పండగ సీజను ఆయన చూడలేదు.

"ఏమైంది? మొహం తెల్లగైంది," అందామె.

"తెల్లగుడ్డల దుకాణం కదా."

ఆమె నవ్వలేదు. చామరాజపేటలో తాను పనిచేసే క్లినిక్ కార్డు గల్లాపెట్టె మీద పెట్టింది. పేరు మునిలక్ష్మి. "తీసుకురండి. సూది పెట్టి చూడకుండా ఏదని చెప్పలేను. మంచిదే అయ్యుండొచ్చు. ఆలస్యం చేయకూడని రకమూ అయ్యుండొచ్చు."

చెప్పిన ధర బేరం ఆడకుండా ఇచ్చి వెళ్లిపోయింది. బేరం ఆడని మనిషిని నేను అంతవరకు చూడలేదు. ఆ మనిషి గురించి ఆలోచించకుండా ఉండటం కష్టమైంది.

సాయంత్రం దీపం పెట్టే వేళకు కరెంటు పోయింది. అత్త దుకాణంలోకి వచ్చి దేవుడి పటం ముందు వత్తి సరిచేస్తోంది. వీధి అంతా ఆమెను పెద్దక్క అంటుంది, హమాలీలు కూడా.

"అత్తా, గుమాస్తాకు గడ్డ ఉండాది. తెలుసా?"

వత్తి మీద ఆమె వేళ్లు ఆగాయి. "తెలుసు."

"ఎప్పట్నుంచి?"

"మీ నాయన పోయినప్పట్నుంచి. అప్పుడు ఆవగింజంత ఉండె."

"నాకెందుకు చెప్పలా?"

"చెప్తే డాక్టరు దగ్గరికి పోతావని." ఆమె వత్తి వెలిగించింది. "చివరి రోజుల్లో మీ నాయన మంచం కిందే అది పడుకుంటా ఉండె. ఆయన చెయ్యి కిందికి వేలాడి దాని పక్క మీదే పడి ఉండేది. చూసినావు కదా నువ్వు కూడా. ఆయనది అది తీసుకున్నాది రా. మోస్తా ఉండాది. మోయనీ. తెరిస్తే లోపల ఉండేది ఎక్కడికి పోతాది? ఈ ఇంట్లో మీ నాయన రక్తం ఇంకెవరిది?"

"సుమ్నే ఊరికే భయపెట్టొద్దత్తా."

"నేనెందుకు భయపెడతా. అద్దో, చూడు."

గుమాస్తా లేచాడు. మెల్లగా నడిచి ఖాళీ గద్దె ముందుకు వెళ్లాడు. తలెత్తి, చెవులు వెనక్కి పెట్టి, తోక ఊపాడు. ఎడమ పక్కను గద్దె అంచుకు ఆనించి కళ్లు సగం మూశాడు. తర్వాత వాడి వెనక కాలు నేల మీద టకటక కొట్టుకోవడం మొదలైంది. కుక్కకు ఇష్టమైన చోట ఎవరైనా గోకితే కాలు అలా కొట్టుకుంటుంది. అక్కడ ఎవరూ లేరు. దీపం కదలకుండా వెలుగుతోంది.

"దినామూ ఇదే వేళకు," అంది అత్త, పాలవాడి గురించి చెప్పినట్టు.

నేను వ్యాపారిని. కనిపించిన సరుకుకే ధర కడతాను. కనిపించనిదానికి ఎంత కట్టాలో ఆ సాయంత్రం నాకు తెలియలేదు. అందుకని మా వాళ్లు తోచనప్పుడు చేసే పనే చేశాను. ధర తేలేదాకా సరుకు కదపకుండా కూర్చున్నాను.

కూర్చున్నానన్న మాటే గానీ, ఆ వారంలోనే ఒక్కణ్ణే చామరాజపేట వెళ్లాను.

"కుక్క ఏదీ?" అంది మునిలక్ష్మి నా వెనక చూస్తూ.

"ఇంట్లో ఉండాది."

"మరి ఇంజెక్షన్ మీకు వేసేదా?"

"గాడా ఎట్ల ఉండాదో అడుగుదామని వచ్చినా."

"బాగుండాది. కరవలేదు, మొరగలేదు." చేతులు తుడుచుకుని బయటకు వచ్చింది. "నిజం చెప్పండి. ఎందుకు తేలేదు?"

వాన పట్టుకుంది. పక్కనున్న దర్శిని హోటల్లోకి దూరి, నిలబడే బల్ల దగ్గర కాఫీ తీసుకున్నాం. పొగ కక్కుతున్న లోటాల మీదుగా ఆమెకు అంతా చెప్పాను. నాన్న బనీను, అత్త మాట, ఖాళీ గద్దె ముందు కొట్టుకునే కాలు. చెప్తున్నప్పుడే తెలిసింది, ఇదంతా నేను ఎవరికీ చెప్పలేదని.

"నేను నమ్మను," అంది చివరికి. "నవ్వను కూడా. మాది కబ్బన్‌పేట, మగ్గాలోళ్లం. మా అవ్వ పోయినాక కూడా ఆమె మగ్గం గుంతలో ఎవురూ కాలు పెట్టలా. కుక్క కాలు ఎందుకు కొట్టుకుంటాదో నాకు తెలీదు. గడ్డ ఏందో మాత్రం తెలుసుకోవచ్చు. తెలిసేదాన్నయినా తెలుసుకుందాము కదా?"

"అత్త ఒప్పుకోదు."

"అత్త ఒప్పుకోలేదా, నువ్వు ఒప్పుకోలేదా?"

మీరు కాస్తా నువ్వు అయింది. వానలో గమనించనట్టు ఊరుకున్నాను.

తర్వాత గాడా పేరు చెప్పి నేను నాలుగైదు సార్లు వెళ్లాను. ఆ చిన్న క్లినిక్‌కు అన్ని తానులు ఎందుకని వాళ్ల పెద్ద డాక్టరు అడిగాడట. ఒకసారి ఆమె ఒక తాను మొత్తం విప్పి బల్ల మీద పరిచింది. మధ్యలో జానెడు చిరుగు.

"ఇది ఏమి?"

"మా పద్ధతి," అన్నాను. "లోపం ఉండే మడత లోపలికి పెడతాము. మా తాత కాలం నుంచీ అంతే."

"లోపలికి పెడితే చిరుగు పోతాదా?"

"అమ్ముడుపోతాది."

"మీ ఇంట్లో అందురూ ఇట్లనే మడతేస్తారేమో," అంది. మాట తేలిగ్గానే అంది. నాకే బరువుగా తగిలింది.

ఆ తర్వాత ఒక పొద్దున, స్నానం చేస్తుండగా, సబ్బు చేతికి నా ఎడమ పక్కన ఏదో తగిలింది. పక్కటెముకల కింద. శనగగింజంత. గట్టిగా ఉంది.

నీళ్లు చల్లారిపోయేదాకా అలాగే నిలబడ్డాను. తలుపు అవతల గుమాస్తా గోళ్లు నేల మీద గీరుకుంటున్న చప్పుడు. వాడెప్పుడూ స్నానాలగది దగ్గరకు రాడు. తలుపు తీస్తే ఎదురుగా కూర్చుని ఉన్నాడు. నా మొహం కాదు, నా ఎడమ పక్కనే చూస్తున్నాడు.

ఆ రోజు నుంచి చామరాజపేట వైపు స్కూటరు తిప్పలేదు. ఆలోచన ఒకటే. కుక్కది పెరగనీ, నాది ఆగుతుంది. కుక్కది తెరవకపోతే నాది తెరుచుకోదు. ఇది ఒక ఒప్పందంలా నా మనసులో కూర్చుంది. వ్యాపారంలో ఇంతకన్నా పనికిమాలిన ఒప్పందాలు కూడా నిలబడటం నేను చూశాను.

మునిలక్ష్మే వచ్చింది, ఈసారి నిలువునా తడిసి.

"టోకు కొనేదానికే వచ్చినా, తడిసినా చూడు," అంది. నేను నవ్వలేదు. ఆమె నవ్వు కూడా ఆగింది. "ఏమైందప్పా? గుమాస్తాకు బాగలేదా?"

"వాడికి కాదు."

చెప్పాను. ఆమె విసుక్కోకుండా వింది.

"ఒప్పందం అన్నావు. ఎవరితో?"

నేను గద్దె వైపు చూశాను. ఆమె కూడా చూసింది. సందులో వాన, లోపల పట్టపగలే వెలిగే బల్బు, గద్దె మీద ఎవరో ఇప్పుడే లేచి వెళ్లినట్టు పరుపులో చిన్న గుంట. ఆ గుంట ఎప్పుడూ ఉండేదేనని నాకు నేను చెప్పుకున్నాను.

"ఎక్కడ, చూపించు," అంది. చొక్కా మీదుగానే రెండు వేళ్లు ఆనించింది. వేళ్లు చల్లగా ఉన్నాయి. "ఇక్కడేనా?"

"ఊఁ."

"ఇప్పుడు కుడి పక్క నువ్వే చూసుకో."

చూసుకున్నాను. కుడి పక్కా ఉంది. అంతే ఉంది. అంతే గట్టిగా ఉంది.

"పక్కటెముక కొస," అంది. "అందరికీ ఉంటాది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఈ ఒళ్లు మోస్తా ఉండావు, లోపల ఏం సరుకుందో తెలీదా? నేను కుక్కల డాక్టరు. నమ్మకం లేకుంటే మనుషుల డాక్టరు దగ్గరికి పో."

వెళ్లాను. ఆయనా అదే చెప్పాడు. ఫీజు తీసుకుంటూ నవ్వాడు కూడా. కానీ గుమాస్తా నా ఎడమ పక్కను చూడటం మానలేదు. అది ఎముక అని వాడికి ఎవరు చెప్పాలి?

దసరా దగ్గర పడుతుండగా వాడు తిండి మానేశాడు. గడ్డ పెద్ద కమలాపండంత అయింది. దాని మీద చర్మం సాగి వెంట్రుకలు రాలిపోయాయి. ఎడమ పక్కకు పడుకోబోయి మూలిగి లేచేవాడు. కుడి పక్కకు పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. కూర్చునే కునికిపాట్లు పడేవాడు, తల వాలిపోగానే ఉలిక్కిపడి మళ్లీ ఎత్తేవాడు. అలా ఉన్నా దీపం వేళకు మాత్రం లేచేవాడు. గద్దె దాకా ఈడ్చుకుంటూ వెళ్లి తోక ఊపేవాడు. ఒక సాయంత్రం ఆ నాలుగు అడుగులు వేయలేక మధ్యలో కూలబడ్డాడు. పడిన చోటు నుంచే తోక ఊపాడు.

నేను అది చూసి లేచాను. గడ్డ ఎవరిదైనా కావచ్చు, నొప్పి మాత్రం వాడిదే అని అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే హమాలీ పిల్లప్పను పిలిచి తోపుడుబండి మీద గుడ్డలు మెత్తగా పరిపించాను. అత్త గడపకు అడ్డంగా నిలబడింది. ఒక చెయ్యి తలుపు మీద, ఇంకో చెయ్యి ఎప్పటిలాగే కొంగు కింద.

"తెరిస్తే నీకే వస్తాది రా."

"వస్తే రానీ అత్తా. నాకైతే నొప్పని చెప్పుకునేదానికి నోరుండాది."

"మీ నాయనకు లేదా నోరు?"

"ఉండె. చెప్పలా."

ఆమె తలుపు మీది చెయ్యి తీసింది. పక్కకు తప్పుకుంది. పిల్లప్ప బండి మీద టార్పాలిను కప్పుతూ, "పెద్దక్కా, ఏడవద్దు. మెల్లగా తోస్తా, గాజు సామాను తోసినట్టు," అన్నాడు. చామరాజపేట దాకా బండి ఒక్క గుంతలో కూడా దిగలేదు.

క్లినిక్‌లో బల్ల మీద నా గాడా గుడ్డే పరిచి ఉంది. గుమాస్తా మీద కూడా అదే కప్పారు. పెద్ద డాక్టరు పక్క గదిలో చేతులు కడుక్కుంటున్నాడు. మత్తు ఎక్కేదాకా తల పట్టుకుని నిలబడమంది మునిలక్ష్మి. నా ఎడమ చెయ్యి వాడి తల మీద. కుడి చేతిని ఆమె పట్టుకుని గుడ్డ కిందకు తీసుకెళ్లి గడ్డ మీద ఉంచింది.

"చూడు, కదుల్తా ఉండాది. అడుగున పట్టుకోలా. ఇది మంచి గుర్తు."

"దాక్కుంటా ఉండాదేమో అనుకున్నా."

"దాక్కునేది అది కాదు."

గుడ్డ కింద ఆమె వేళ్లు నా వేళ్లను వదల్లేదు. మొదట రెండు వేళ్లు పట్టుకుంది. తర్వాత మూడు. అర్థం కాలేదన్నట్టు చూశాను.

"మా తాత రేష్మె పట్టు బేరం ఇట్లనే చేస్తా ఉండె," అంది చిన్నగా. "తువ్వాలు కప్పుకుని, లోపల వేళ్లు పట్టుకుని. పక్కనోడికి ధర తెలీకూడదని."

"తెలుసు. మా తాత కూడా అంతే." అన్నాను. "ఎంత అడుగుతా ఉండావు?"

ఆమె అయిదు వేళ్లూ కలిపి పట్టుకుంది.

"మొత్తము."

"బేరం లేదా?"

"నేను బేరం ఆడనని నీకు తెలుసు కదా. ఇష్టం లేకుంటే చెయ్యి ఎనక్కి తీసుకో."

తీసుకోలేదు. గుమాస్తా కళ్లు మూతపడుతున్నాయి. వాన రేకుల కప్పు మీద చప్పుడు చేస్తోంది. అప్పుడే గుడ్డ కింద, మా రెండు చేతుల మీద, ఇంకో చెయ్యి పడింది.

వెచ్చగా, బరువుగా, అరచెయ్యి కాస్త గరుకుగా. ఏళ్ల తరబడి తానులు లాగిన చెయ్యి ఎలా ఉంటుందో అలా. ఒక్కసారి ఒత్తి, అలాగే కాసేపు ఉంది.

మునిలక్ష్మి నా వైపు చూసింది. "నువ్వేనా?" అంది.

"నా రెండో చెయ్యి తల మీద ఉండాది," అన్నాను. "నీది?"

ఆమె రెండో చేతిలో సిరంజి ఉంది, గుడ్డ బయట, దీపం కింద. ఇద్దరం దాన్నే చూశాం. గుడ్డ ఎత్తి చూడాలని ఇద్దరికీ అనిపించలేదు. గుమాస్తా వెనక కాలు గుడ్డ కింద రెండుసార్లు మెల్లగా కొట్టుకుంది. తర్వాత వాడు పూర్తిగా నిద్రపోయాడు. మా చేతుల మీద బరువు లేదు.

పెద్ద డాక్టరు లోపలికి వచ్చి, "ఏమిటి, ఇద్దరూ పేషెంట్లలా ఉన్నారు," అన్నాడు.

ఆపరేషన్ అయ్యాక స్టీలు ట్రేలో పెట్టి చూపించారు. పసుపుపచ్చగా, మెత్తగా, పేరిన నెయ్యి ముద్దలా ఉంది. కొవ్వు గడ్డ, ముసలి కుక్కలకు మామూలే అన్నాడాయన. ల్యాబుకు పంపినా పెద్దగా భయపడాల్సిందేమీ లేదన్నాడు. తర్వాత వచ్చిన రిపోర్టు కూడా అదే చెప్పింది. సంతోషించాలి. నేను మాత్రం ఆ ట్రే వైపే చూస్తూ నిలబడిపోయాను. అందులో నాన్నది ఏమీ లేదు. నాన్న ఇంకా వెళ్లిపోలేదేమోనని ఇన్నాళ్లూ భయపడ్డాను, నాకు కావలసింది కూడా అదేనని అప్పుడే తెలిసింది. మునిలక్ష్మి ఏమీ అడగకుండా ట్రే మీద గుడ్డ కప్పింది.

సాయంత్రానికి వాణ్ణి ఇంటికి తెచ్చాం. కుట్లు చూసుకోవాలని ఆమె కూడా వచ్చింది. అత్త మా మొహాలు కాదు, నా ఎడమ పక్కే చూసింది.

"లోపల ఏముండె?"

"కొవ్వు అత్తా."

"అంతేనా?"

"అంతే."

అత్త గోడకు ఆనుకుని కూర్చుంది. దీపం వేళ అయింది. వత్తి వెలిగించి ముగ్గురం గద్దె వైపు చూశాం. గుమాస్తా లేవలేదు. ఆ నాలుగు అడుగుల దూరాన, కట్టు ఉన్న ఎడమ పక్కను పైకి పెట్టి, గుర్రు పెడుతూ పడుకున్నాడు. దీపం వేళ దాటిపోయింది. వాడు ఇంకో పక్కకు తల తిప్పుకున్నాడు, అంతే.

"పోయినాడు," అంది అత్త. "ఇప్పుడు పోయినాడు మా తమ్ముడు."

ఆయన పోయినప్పుడు కూడా ఆమె అలా ఏడవలేదు. ఏడ్చి, ముక్కు తుడుచుకుని, మునిలక్ష్మిని పరీక్షగా చూసింది.

"నువ్వేనా తెరిచింది?"

"మా పెద్ద డాక్టరు తెరిచినాడు. నేను పక్కన ఉన్నా."

"వీడికి ఏమీ కాలేదు కదా?" అంది నన్ను చూపిస్తూ.

"ఏమీ కాలేదమ్మా. ఆకలైతా ఉందంట. పొద్దున్నుంచి తినలా."

అత్త లేచింది. "ఇట్ల రా," అని ఆమె చెయ్యి పట్టుకుని లోపలి గదిలోకి తీసుకెళ్లింది. తలుపు దగ్గరగా వేసింది.

నేను బయట కూర్చున్నాను. గాజుల చప్పుడు వినిపించింది. కొంగు తీసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏ చప్పుడూ లేదు. అప్పుడు నాకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఎప్పుడు చూసినా కొంగు కింద ఉండే ఆమె చెయ్యి. ఏడాదిగా పై అరలోని డబ్బా నన్నే అందించమనడం. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో గడ్డ ఒకటే అనుకున్నాను.

మునిలక్ష్మి ముందు బయటకు వచ్చింది. డాక్టరు మొహం పెట్టుకుంది.

"రేపు పొద్దున అమ్మను క్యాన్సర్ ఆసుపత్రికి తీసకపోదాము. ఆడ డాక్టరు ఉంటాది, నేనూ లోపలికి వస్తానని చెప్పినా. రొమ్ములో ఉండాది, చంక కింద ఇంకా పాకినట్టు లేదు నా చేతికి. చూద్దాము."

"ఎన్నాళ్లుగా అత్తా?" అన్నాను.

"చానా దినాలైంది." అత్త కొంగు సర్దుకుంటూ తలుపు దగ్గర నిలబడింది. "మీ నాయనది పోయి పోయి కుక్కకు వచ్చినాదని అనుకున్నా. తర్వాత నాకూ వచ్చినాది. నాది తెరిస్తే ఇంక మిగిలింది నువ్వే కదరా. అందుకే మూసిపెట్టుకున్నా. ఈపొద్దు దానిది తెరిచినారు. నువ్వు బాగుండావు." ఆమె మునిలక్ష్మి వైపు తిరిగింది. "అయితే నాదీ తెరవొచ్చునా?"

"తెరవొచ్చమ్మా."

"మీ ఇంట్లో పెద్దోళ్లు ఎవరుండారు? నేను మాట్లాడాల."

"ఆపరేషన్ గురించా?"

"ఆపరేషన్ గురించి నువ్వుండావు కదా. దానికి పెద్దోళ్లెందుకు?" అంది అత్త. "వాళ్లను ఆసుపత్రికే రమ్మను. నేను లోపలికి పోకముందే ఆ మాట అయిపోవాల."

అలాగే జరిగింది. ఆసుపత్రి వరండాలో, బెంచీ మీద, కబ్బన్‌పేట నుంచి వచ్చిన ఆమె నాన్న ఒక పక్క, ఆసుపత్రి గౌను వేసుకున్న అత్త ఒక పక్క కూర్చుని తాంబూలం మార్చుకున్నారు. నర్సు ఆకువక్క లోపలికి తీసుకురాకూడదని చెప్పి, తనే ఒక వక్క నోట్లో వేసుకుంది.

ఆ వానాకాలం లెక్క ఇది. గుమాస్తా ఇంకో రెండు వానాకాలాలు చూసి ముసలితనంతో పోయాడు. గద్దె ముందు తోక ఊపడం మళ్లీ ఎవరం చూడలేదు. గద్దె మీద నేనే కూర్చుంటున్నాను. గుడ్డ కింద ఆ చెయ్యి ఎవరిదని మునిలక్ష్మి, నేను ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మా పెళ్లికి మాకు దక్కిన మొదటి అక్షింత అదేనని మాత్రం నా లెక్కలో రాసుకున్నాను. అత్తకు జుట్టంతా రాలిపోయి, మళ్లీ తెల్లగా, ఉంగరాలు తిరిగి వచ్చింది. మా అమ్మాయి పుట్టింది. అత్త దాన్ని చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్లేది, దారి పొడుగునా కనబడిన ప్రతి ఆడమనిషినీ ఆపి, సిగ్గు లేకుండా తన కుట్ల సంగతి చెప్పి, మీరూ చూపించుకోండమ్మా అనేది. ఆ పిల్ల హైస్కూలుకు వచ్చేదాకా అత్త ఉంది.

ఒక ముసలి కుక్కను తోపుడుబండి మీద చామరాజపేటకు తీసుకెళ్లినందుకు నాకు ఇంత మిగిలింది.